క్యుప్రేట్లలో ఛార్జ్ ఆర్డర్ ఎందుకు పుడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఆదివారం పూట ఎమ్మెస్సీ వాళ్లూ, జామ్‌కీ నెట్‌కీ చదువుకునేవాళ్లూ మా ఇంటి అరుగు మీద చేరతారు, అమలాపురం నుంచి ఇద్దరు, రాజోలు నుంచి ఒకమ్మాయి, గోదావరి దాటి భీమవరం నుంచి ఒకబ్బాయి. సూపర్ కండక్టర్ల పాఠం వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌కీ అవే అనుమానాలు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పి మిగతాది వదిలేస్తున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏది కావాలంటే దానికి నేరుగా వెళ్లిపోండి, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది.

## అసలు మొదలు

సార్, "హై టెంపరేచర్" సూపర్ కండక్టర్ అంటే ఎంత వేడి?

వేడి కాదు, బాగా చలే. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కి చల్లార్చినప్పుడు దాని విద్యుత్ నిరోధం ఒక్కసారిగా మాయమైంది, అక్కడ మొదలైంది కథ. ఆ తర్వాత డెబ్బై ఏళ్ల పైన వెతికినా 23 కెల్విన్ దాటలేకపోయారు. 1986లో జ్యూరిచ్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ ఇద్దరూ లాంథనం, బేరియం, రాగి కలిసిన ఒక ఆక్సైడ్‌లో 30 కెల్విన్ దాటించారు, మరుసటి ఏడాదే నోబెల్ వచ్చేసింది. 1987లో ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ (అందరూ వైబీసీఓ అంటారు) 93 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అయింది. దీని గొప్పేమిటంటే ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్, అంటే మైనస్ 196 డిగ్రీలు. ఊళ్లో పశువుల ఆస్పత్రిలో ఎదసూదులకి వీర్యం నిల్వ చేసే డబ్బా మూత తీస్తే తెల్లగా పొగ వస్తుంది చూడండి, అదే ద్రవ నైట్రోజన్. ఆ డబ్బాలో ఉన్నదానితోనే సూపర్ కండక్టర్ చేయొచ్చు అనేది 1987కి ముందు ఎవరూ ఊహించని మాట.

క్యుప్రేట్లు అంటే ఏవి? అందరూ రాగి-ఆక్సిజన్ పొర అనే ఎందుకు పట్టుకుంటారు?

రాగి, ఆక్సిజన్ పొరలున్న ఇలాంటి ఆక్సైడ్లనే క్యుప్రేట్లు అంటారు, వీటన్నింటిలో ఉమ్మడిగా ఉండేది ఆ పొర ఒక్కటే. గళ్ల కాగితం ఊహించుకోండి, ప్రతి మూలా ఒక రాగి, రెండు రాగిల మధ్య ఒక ఆక్సిజన్, రాగికీ రాగికీ సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. మిగతా లాంథనం, ఇట్రియం, బేరియం ఇవన్నీ పొరల మధ్య పేర్చిన సామాన్లు, పొరలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉండాలో అవి నిర్ణయిస్తాయి.

ఏమీ కలపని మూల పదార్థంలో ప్రతి రాగి దగ్గరా జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. మామూలు బ్యాండ్ లెక్క ప్రకారం అది లోహం అవ్వాలి. కానీ ఒకే రాగి మీద రెండు ఎలక్ట్రాన్లు చేరడానికి వికర్షణ ఒప్పుకోదు కాబట్టి ఎక్కడివక్కడే నిలబడిపోతాయి, పదార్థం బంధకం అవుతుంది. దీన్నే మాట్ ఇన్సులేటర్ అంటారు. ప్రతి ఎలక్ట్రాన్ ఒక బుల్లి అయస్కాంతం లాంటిది, దాని దిక్కే స్పిన్ అనుకోండి. నిలబడ్డ ఎలక్ట్రాన్ల స్పిన్లు పక్కపక్కన ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. ఇప్పుడు లాంథనం బదులు కొంత బేరియమో స్ట్రాన్షియమో పెడితే పొరలో ఎలక్ట్రాన్లు తగ్గి ఖాళీలు వస్తాయి, అవే హోల్స్. ఇలా హోల్స్ పెట్టడమే డోపింగ్. హోల్స్ లెక్క రాగి ఒక్కింటికి 0.05 దాటాక సూపర్ కండక్టివిటీ మొదలై, 0.16 దగ్గర శిఖరానికి చేరి, 0.27 దగ్గర పోతుంది.

ఛార్జ్ ఆర్డర్ అంటే ఏమిటో మా నాన్నకి కూడా అర్థమయ్యేలా చెప్పండి.

మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. సార్వా ఊడ్పులప్పుడు చేలో కాలిబాటలు తీస్తారు కదా, ప్రతి రెండు మీటర్లకీ 20 సెంటీమీటర్ల మేర నాటకుండా వదిలేస్తారు, గాలీ వెలుతురూ ఆడి దోమపోటు తగ్గుతుందని. గట్టు మీద నిలబడి చూస్తే ఏం కనిపిస్తుంది? పచ్చటి పట్టీ, సన్నటి ఖాళీ, మళ్లీ పచ్చటి పట్టీ, సమాన దూరాల్లో.

రాగి-ఆక్సిజన్ పొర ఆ చేను అనుకోండి. స్పిన్లు క్రమంగా నిలబడ్డ చోటు నాటు. హోల్స్ ఎక్కువగా చేరే గీతలు కాలిబాటలు. హోల్స్ చేనంతా సమంగా చల్లినట్టు ఉండకుండా, ఒక లెక్క ప్రకారం కొన్నిచోట్ల చిక్కగా, కొన్నిచోట్ల పలచగా అవ్వడమే ఛార్జ్ ఆర్డర్. లాంథనం కుటుంబంలో 1/8 డోపింగ్ దగ్గర బాటకీ బాటకీ మధ్య దూరం 4 రాగిలు, అంటే సుమారు 15 ఆంగ్‌స్ట్రామ్‌లు.

ఒక్క తేడా మాత్రం ఉంది, ఈ పేజీ మొత్తం దాని గురించే. చేలో అయితే తాడు పట్టి, కొలిచి, బాట తీసే మనిషి ఉంటాడు. స్ఫటికంలో తాడు పట్టింది ఎవరు?

అంటే బాట మీద మొత్తం ఛార్జ్, మిగతాచోట సున్నానా?

కాదు. పుస్తకంలో బొమ్మ అలా గీస్తారు, అది చూసి పిల్లలు పొరబడతారు. నిజంగా హెచ్చుతగ్గులు చిన్నవి. వైబీసీఓ లాంటివాటిలో మరీ చిన్నవి, పైగా అక్కడ మార్పు ఎక్కువగా రాగి మీద కాదు, రాగిల మధ్య ఉన్న ఆక్సిజన్ల మీద కనిపిస్తుంది.

## ఎలా కనిపెట్టారు

దీన్ని మొదట చూసింది ఎవరు?

చూడకముందే ఊహించారు. 1989లో జానెన్, గున్నార్సన్ కాగితం మీద లెక్క వేసి, మాట్ ఇన్సులేటర్‌లో హోల్స్ పెడితే అవి గీతలుగా చేరతాయని తేల్చారు. దానికి కొంచెం ముందు, 1988లో, లాంథనం-బేరియం క్యుప్రేట్‌లో ఒక వింత బయటపడింది: డోపింగ్ సరిగ్గా 1/8 దగ్గర సూపర్ కండక్టింగ్ ఉష్ణోగ్రత ఢమాలున పడిపోతోంది, అటూ ఇటూ బాగానే ఉంది. ఎందుకో చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు.

1995లో ట్రాంక్వాడా బృందం నియోడిమియం కలిపిన లాంథనం-స్ట్రాన్షియం క్యుప్రేట్ మీద న్యూట్రాన్లు ప్రయోగించి, స్పిన్ల నమూనా 8 రాగిలకి ఒకసారి, ఛార్జ్ నమూనా 4 రాగిలకి ఒకసారి తిరిగి వస్తోందని చూపించింది. న్యూట్రాన్‌కి ఛార్జ్ లేదు కదా, హోల్స్‌ని ఎలా చూసిందని భీమవరం అబ్బాయి అడిగాడు, మంచి ప్రశ్న. న్యూట్రాన్ హోల్స్‌ని చూడదు. హోల్స్ చేరినచోట పరమాణువులు తమ స్థానం నుంచి రవ్వంత జరుగుతాయి, ఆ జరుగుడిని చూస్తుంది.

1995లోనే దొరికితే 2012లో మళ్లీ అంత హడావిడి ఎందుకు?

ఎందుకంటే అప్పటిదాకా "అది లాంథనం కుటుంబానికే ఉన్న జబ్బు" అని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ. 2002లో బిస్మత్ క్యుప్రేట్ మీద ఎస్టీఎం (పైపొర పరమాణువుల్ని ఒక్కొక్కటిగా తడిమి చూసే పరికరం) సూదితో చదరంగపు గళ్ల లాంటి నమూనా చూశారు, కానీ అది పైపొర సంగతేమో అన్న అనుమానం మిగిలింది. 2007లో వైబీసీఓని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి కొలిస్తే ఫెర్మి సర్ఫేస్ (మొమెంటం పటంలో ఎలక్ట్రాన్లు నిండిన చోటుకీ ఖాళీ చోటుకీ మధ్య సరిహద్దు) చిన్నచిన్న ముక్కలుగా విడిపోయినట్టు తేలింది, ఏదో క్రమం ఏర్పడకపోతే అలా అవ్వదు. 2011లో గ్రెనోబుల్‌లో ఎన్ఎంఆర్ (పరమాణు కేంద్రకాల అయస్కాంత స్పందన) కొలిచేవాళ్లు ఆ క్రమం స్పిన్లది కాదు, ఛార్జ్‌దే అన్నారు. 2012లో గిరింగెల్లి బృందం, చాంగ్ బృందం విడివిడిగా ఎక్స్‌రేలతో వైబీసీఓలోనే నేరుగా చూపించేశారు. శుభ్రమైన స్ఫటికం అని అందరూ నమ్మే పదార్థం అది. తర్వాత రెండు మూడేళ్లలో బిస్మత్, పాదరసం కుటుంబాల్లోనూ, ఎలక్ట్రాన్లు అదనంగా చేర్చిన రకాల్లోనూ దొరికింది. దాంతో ఇది ఒక కుటుంబపు జబ్బు కాదనీ అందరి రక్తంలోనూ ఉందనీ ఒప్పుకున్నారు.

అంత చిన్న మార్పు ఎక్స్‌రేకి ఎలా చిక్కింది?

ఎక్స్‌రే శక్తిని రాగి పరమాణువు గట్టిగా పీల్చుకునే విలువకి, సుమారు 931 ఎలక్ట్రాన్ వోల్టులకి, సరిగ్గా సర్దుతారు. అప్పుడు రాగి పొరలోని ఎలక్ట్రాన్ల నుంచి వచ్చే జవాబు ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. సంతలో అంత గోలలోనూ మన పేరు పెట్టి పిలిస్తే చెవిన పడుతుంది కదా, అలా. దీనికి సింక్రోట్రాన్ కావాలి, అంటే ఎలక్ట్రాన్లని వలయంలో తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం.

## ఎందుకు పుడుతుంది

ఒక్క కారణం చెప్పండి సార్, పరీక్షలో రాయాలి.

ఒక్క కారణం రాస్తే తప్పు రాసినట్టే, ఎందుకంటే అడుగుతున్నవి రెండు ప్రశ్నలు. హోల్స్ అసలు సమంగా ఉండకుండా గుమిగూడాలని ఎందుకు చూస్తాయి? అది ఒకటి. గుమిగూడినప్పుడు గీతకీ గీతకీ మధ్య ఇంతే దూరం ఎందుకు? అది రెండోది. ముప్పై ఏళ్లుగా ఈ రంగంలో జరిగిన వాదనల్లో సగం, ఒకరు మొదటిదానికి జవాబు చెబుతుంటే ఇంకొకరు రెండోదాని గురించి దెబ్బలాడటమే అని నాకనిపిస్తుంది. చేలో కాలిబాట దోమ కోసం తీస్తాం, అది కారణం. కానీ రెండు మీటర్ల లెక్క దోమ చెప్పదు, మందు కొట్టేవాడి చెయ్యి ఎంత దూరం అందుతుందో కూడా చూసుకుంటాం. కారణం వేరు, కొలత వేరు. పరీక్షలో ఈ రెండూ విడదీసి, గుమిగూడటానికి స్పిన్ల ఒత్తిడీ, కుప్ప పడకుండా ఆపే కూలుంబ్ వికర్షణా (ఒకే రకం ఛార్జ్‌లు నెట్టుకోవడం), దూరం నిర్ణయించడంలో ఫెర్మి సర్ఫేస్, స్పిన్ల లంకె, లాటిస్ (స్ఫటికంలో పరమాణువుల అమరిక) పాత్రా అని రాయండి.

స్పిన్లు హోల్స్‌ని వరుసలోకి ఎలా తోస్తాయి? ఎన్నిసార్లు చదివినా పట్టుబడటం లేదు.

చదివితే పట్టుబడదు, కాగితం తీసి నాతో పాటు రాయండి. రూల్ ఒక్కటే: పక్కపక్కన ఉన్నవి ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి, ఒకే దిక్కులో ఉంటే జరిమానా.

మామూలు వరుసలో ఒక స్పిన్ తీసేసి ఖాళీ పెట్టండి: పైకి, కిందికి, ఖాళీ, కిందికి, పైకి. ఇప్పుడు ఖాళీని ఒక గడి కుడికి జరపండి, అంటే కుడి పక్క స్పిన్ ఖాళీలోకి వస్తుంది: పైకి, కిందికి, కిందికి, ఖాళీ, పైకి. రెండు "కిందికి"లు పక్కపక్కన పడ్డాయి, జరిమానా. పొరలో అయితే పై వరుసా కింది వరుసా కూడా ఉన్నాయి, హోల్ కదిలిన దారి పొడుగునా ఇలా చెడిపోయిన పొరుగులు మిగులుతాయి.

ఇప్పుడు ఖాళీకి అవతల వైపు క్రమాన్ని తిరగేసి పెట్టండి: పైకి, కిందికి, పైకి, ఖాళీ, కిందికి, పైకి. ఖాళీని కుడికి జరపండి: పైకి, కిందికి, పైకి, కిందికి, ఖాళీ, పైకి. ఈ వరుసలో ఒక్క జరిమానా కూడా లేదు! ఎడమకి జరిపినా అంతే. అంటే హోల్ ఉన్నచోట అటూ ఇటూ స్పిన్ల క్రమం తిరగబడి ఉంటే, హోల్ హాయిగా అటూ ఇటూ ఊగగలదు. కదలడానికి చోటు దొరికితే క్వాంటం శక్తి తగ్గుతుంది. ఒక్క హోల్ కోసం పొర మొత్తం తిరగేయడం నష్టం కాబట్టి హోల్స్ అన్నీ ఆ తిరగబడ్డ సరిహద్దు మీదే గీతగా చేరతాయి.

ఇంకొక్క లెక్క. పైకి, కిందికి, పైకి, బాట, కిందికి, పైకి, కిందికి, బాట. దీన్ని పక్కనే మళ్లీ రాయండి. బాట 4 గడులకి ఒకసారి వస్తోంది, స్పిన్ నమూనా 8 గడులకి ఒకసారి. 1995లో న్యూట్రాన్లు కొలిచింది సరిగ్గా ఇదే. నేను మొదటిసారి ఈ లెక్క వేసి చూసుకున్న రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

అలాగైతే హోల్స్ అన్నీ ఒకే పెద్ద కుప్పగా చేరిపోవచ్చుగా, గీతలెందుకు?

స్పిన్లని అడిగితే అవి అదే కోరతాయి: హోల్స్‌ని ఒక మూలకి తోసేసి మిగతా చేనంతా క్రమంగా ఉంచుదామని. కానీ హోల్స్‌కి ఛార్జ్ ఉంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కుప్ప పెద్దదయ్యేకొద్దీ నెట్టుడు పెరుగుతుంది. ఒకటి కలపాలని చూస్తుంది, ఒకటి విడదీయాలని చూస్తుంది, రాజీ కుదిరిన చోట గీతలు. ఎమెరీ, కివెల్సన్ 1990ల్లో గట్టిగా నిలబెట్టిన ఆలోచన ఇది. దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఏమిటంటే, లాంథనం క్యుప్రేట్‌లో బేరియం బదులు అదనపు ఆక్సిజన్ ఎక్కిస్తే, ఆ ఆక్సిజన్ స్ఫటికంలో కదలగలదు, కదిలి హోల్స్ ఉన్నచోటికే వెళ్లి వాటి ఛార్జ్‌ని కప్పేస్తుంది. వికర్షణ అడ్డు తొలగిపోయింది కదా, అప్పుడు నిజంగానే పదార్థం ఆక్సిజన్ ఎక్కువున్న భాగం, తక్కువున్న భాగం అని రెండుగా విడిపోతుంది.

మా పుస్తకంలో ఫెర్మి సర్ఫేస్ నెస్టింగ్ అని ఉంది. అది తప్పా?

తప్పు కాదు, మొత్తం నిజమూ కాదు. ఒకే దిశలో సాగే లోహపు గొలుసుల్లో ఫెర్మి సర్ఫేస్ రెండు వైపులూ సమాంతరంగా ఉంటాయి, వాటి మధ్య దూరానికి సరిపడే తరంగం ఏర్పడితే శక్తి తగ్గుతుంది. దీన్నే నెస్టింగ్ అంటారు, పియర్ల్స్ చెప్పింది ఇది. క్యుప్రేట్లలో 2014లో కోమిన్ బృందం ఒక బిస్మత్ క్యుప్రేట్ మీద ఎక్స్‌రే, ఎస్టీఎం, ఎలక్ట్రాన్లని బయటికి తన్నించే ఫోటోఎమిషన్ మూడూ కలిపి చూసి, ఛార్జ్ ఆర్డర్ తరంగం ఫెర్మి ఆర్క్‌ల (ఫెర్మి సర్ఫేస్ తెగిపోగా మిగిలిన ముక్కల) కొసలని కలిపే దూరానికి సరిపోతోందని చెప్పింది. గమనించండి, సమాంతరంగా ఉన్న వైపులకి కాదు, ఆర్క్ కొసలకి. ఆ ఆర్క్‌లు తెగిపోయి ఉన్నదే బలమైన వికర్షణా, స్పిన్ల ప్రభావం వల్ల. కాబట్టి "నెస్టింగ్ వల్లే" అని రాసి ఊరుకుంటే, అసలు కారణాన్ని ఇంకొక పేరు వెనక దాచినట్టవుతుంది.

డోపింగ్ పెంచితే గీతల మధ్య దూరం తగ్గాలి కదా? ఒకచోట అలా ఉంది, ఇంకోచోట తిరగబడి ఉంది.

రెండూ నిజమే, ఈ విషయంలో అసలు చిక్కుముడి అదే. లాంథనం కుటుంబంలో హోల్స్ పెరిగేకొద్దీ గీతలు దగ్గరవుతాయి: 0.08 దగ్గర సుమారు 6 రాగిల దూరం, 0.125 దగ్గర 4, ఆపైన ఇంచుమించు అక్కడే ఆగిపోతుంది. బాటలు ఎక్కువ కావాలంటే దగ్గరగా తీయాలి, అంతే. వైబీసీఓలో మాత్రం దూరం 3 పై చిల్లర, సుమారు 3.2, హోల్స్ పెరిగేకొద్దీ దూరం కొంచెం కొంచెం పెరుగుతుంది. స్పిన్ల లెక్కతో ఇది కుదరదు, ఫెర్మి సర్ఫేస్ లెక్క వైపు మొగ్గుతుంది. పైగా వైబీసీఓలో ఛార్జ్ ఆర్డర్ బలంగా ఉన్నచోట స్పిన్ల స్థిరమైన క్రమం ఉండదు.

అయితే రెండు వేర్వేరు రోగాలా? 2017లో మియావో బృందం 1/8 లాంథనం-బేరియం క్యుప్రేట్‌నే వేడి చేస్తూ చూసింది. చలిలో ఛార్జ్ గీతలు స్పిన్లతో గొలుసు వేసుకుని ఉంటాయి. వేడెక్కి ఆ క్రమం కరిగాక కూడా బలహీనమైన ఛార్జ్ కదలికలు మిగిలాయి, వాటి దూరం మారిపోయింది, స్పిన్లతో లంకె తెగిపోయింది. 2019లో అర్పయా బృందం వైబీసీఓ కుటుంబంలో ఇలాంటి కురచ కదలికలు గది ఉష్ణోగ్రత దాకా ఉంటాయని చూపించింది. అంటే పైన వేడిలో అన్ని కుటుంబాలకీ ఉమ్మడిగా ఒక మెత్తటి మొగ్గు ఉంది, చల్లారేకొద్దీ ఏ కుటుంబంలో ఏది బలంగా ఉంటే అది తాడు పట్టుకుంటుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి ఒక్కో పాయా ఒక్కో దారిన పోయినట్టే, వచ్చిన నీరు మాత్రం ఒకటే.

లాటిస్ కంపనాలకి ఏ పాత్రా లేదా?

ఉంది. 2006లో రెజ్నిక్ బృందం రాగి-ఆక్సిజన్ బంధం సాగి ముడుచుకునే ఒక కంపనం, ఛార్జ్ ఆర్డర్ తరంగం దగ్గరే అసాధారణంగా మెత్తబడుతోందని చూసింది. లాంథనం-బేరియం స్ఫటికంలో సుమారు 55 కెల్విన్ కింద రాగి చుట్టూ ఉన్న ఆక్సిజన్ గూళ్లు ఒక పక్కకి వాలతాయి, ఆ వాలు గీతలకి సాలులా పనికొచ్చి వాటిని కదలనివ్వదు. నా దృష్టిలో లాటిస్ గీతల్ని పుట్టించదు, పుట్టినవాటిని పట్టి ఉంచుతుంది. కంపనాలే అసలు కారణం అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల లెక్కలు తీసిపారేయలేం.

కంప్యూటర్‌లో హబ్బర్డ్ మోడల్ పెడితే తేలిపోదా?

చాలా తేలింది. హబ్బర్డ్ మోడల్‌లో లాటిస్ కంపనాలు లేవు, లోపాలు లేవు, దూరపు వికర్షణ కూడా లేదు, ఎలక్ట్రాన్ గంతు వేయడం, ఒకే చోట రెండు చేరితే జరిమానా, అంతే. 2017లో వేర్వేరు పద్ధతులు వాడే బృందాలు కలిసి 1/8 దగ్గర లెక్క వేస్తే అందరికీ గీతలే వచ్చాయి. ఈ ఫలితం చాలా పెద్దది, గుమిగూడటానికి ఆ రెండు అంశాలే చాలు అని అర్థం. కానీ దూరం? లెక్కలో 8 రాగిల దూరం గెలిచింది, 5 నుంచి 8 దాకా అన్నీ శక్తిలో వెంట్రుకవాసి తేడాలో ఉన్నాయి. ప్రయోగంలో వచ్చేది 4. శక్తులు అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టే, నిజం పదార్థంలో చిన్న చిన్న విషయాలు దూరాన్ని మార్చేయగలవు. 2024లో ఎలక్ట్రాన్ గడిలో ఐమూలగా ఎదురు మూలకి గంతు వేసే వీలు కూడా కలిపి లెక్క వేస్తే, అదే మోడల్‌లో గీతలూ సూపర్ కండక్టివిటీ రెండూ కలిసి కనిపించాయి.

ఇంతకీ మీరు ఏది నమ్ముతారు సార్?

గుమిగూడాలనే మొగ్గు బలమైన వికర్షణా, స్పిన్ల నుంచే పుడుతుందని నమ్ముతాను, దూరాన్ని మాత్రం ఒక్కో కుటుంబంలో ఒక్కొక్కటి నిర్ణయిస్తుందని అనుకుంటాను. మీరు చదివి వేరేగా అనుకుంటే ఆదివారం వచ్చి చెప్పండి, వింటాను.

## సూపర్ కండక్టివిటీతో చుట్టరికం

ఛార్జ్ ఆర్డర్ సూపర్ కండక్టివిటీకి శత్రువా, మిత్రుడా?

పోటీదారు అనేది మాత్రం తిరుగులేని సాక్ష్యంతో ఉంది. వైబీసీఓని చల్లారుస్తుంటే సుమారు 150 కెల్విన్ నుంచి ఛార్జ్ ఆర్డర్ సంకేతం పెరుగుతూ వస్తుంది, సరిగ్గా సూపర్ కండక్టర్ అయ్యే ఉష్ణోగ్రత దగ్గర శిఖరానికి చేరి, ఆ కింద తగ్గడం మొదలవుతుంది. అప్పుడు అయస్కాంత క్షేత్రం పెట్టి సూపర్ కండక్టివిటీని బలహీనపరిస్తే ఛార్జ్ ఆర్డర్ మళ్లీ లేస్తుంది. 28 టెస్లాల క్షేత్రంలో ఎక్స్‌రే లేజర్‌తో చూస్తే అది పొరల మధ్య కూడా వరుస కట్టింది. ఒకే కాలవ మీద ఆధారపడ్డ రెండు చేలు ఇవి, ఒకరు తూము ఎత్తితే ఇంకొకరికి నీళ్లు తగ్గుతాయి. కానీ కాలవ ఒకటే అన్న సంగతి మర్చిపోకూడదు, రెండింటికీ అవే ఎలక్ట్రాన్లు, అవే స్పిన్లు.

సరిగ్గా 1/8 దగ్గరే ఎందుకు అంత దెబ్బ?

లాంథనం కుటుంబంలో గీతల దూరం 4 గడులు, గీత మీద రెండు రాగిలకి ఒక హోల్. లెక్క కట్టండి, 8 రాగిలకి ఒక హోల్, అంటే 1/8. గీతలు లాటిస్‌తో సరిగ్గా పొసిగి బిగుసుకునే చోటు అది. అటూ ఇటూ 30 కెల్విన్ దరిదాపుల్లో ఉండే ఉష్ణోగ్రత అక్కడ 4 కెల్విన్‌కి పడిపోతుంది.

ఇక్కడొక ఆశ్చర్యం ఉంది. 2007లో అదే స్ఫటికాన్ని జాగ్రత్తగా కొలిస్తే, పొర లోపల నిరోధం దాదాపు 40 కెల్విన్ దగ్గరే ఒక్కసారిగా పడిపోతోంది! పొరలోపల ఎలక్ట్రాన్లు సూపర్ కండక్టివిటీకి కావలసిన జతలు కట్టడం జరుగుతోంది, పొరకీ పొరకీ మధ్యే పొందిక కుదరట్లేదు. దీనికి చెప్పే వివరణ ఏమిటంటే, జతల బలం కూడా గీతలతో పాటు ప్లస్, మైనస్‌గా మారుతూ పోతుంది, పై పొరలో గీతలు అడ్డంగా, కింది పొరలో నిలువుగా ఉండటంతో రెండు పొరల జతలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీన్ని పెయిర్ డెన్సిటీ వేవ్ అంటారు. ఇదే నిజమైతే ఛార్జ్ ఆర్డర్ కొన్నిచోట్ల కారణం కాదు, జతల తరంగం వదిలిన జాడ మాత్రమే.

ఛార్జ్ ఆర్డర్‌ని చెడగొడితే ఉష్ణోగ్రత పెరుగుతుందా?

కొన్నిచోట్ల పెరిగింది. 1/8 లాంథనం-బేరియం క్యుప్రేట్‌ని ప్రోటాన్లతో కొట్టి లోపాలు పెంచితే సూపర్ కండక్టింగ్ ఉష్ణోగ్రత పెరిగిందని 2019లో చూపించారు, మామూలుగా లోపాలు దాన్ని తగ్గించాలి. 2011లో ఇలాంటి గీతలున్న స్ఫటికం మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి తునక కొడితే రెప్పపాటులో వెయ్యో వంతు కంటే ఎంతో తక్కువసేపు సూపర్ కండక్టర్ లక్షణాలు కనిపించాయి. అలాగని ఛార్జ్ ఆర్డర్ తీసేస్తే గది ఉష్ణోగ్రత వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సాధారణ వాతావరణ పీడనంలో పాదరసపు క్యుప్రేట్ 1993లో చేరింది సుమారు 134 కెల్విన్, గది ఉష్ణోగ్రతకి అది ఇంకా చాలా దూరం.

సూడోగ్యాప్, ఛార్జ్ ఆర్డర్ రెండూ ఒకటేనా?

కాదు. సూడోగ్యాప్ అంటే సూపర్ కండక్టర్ అవ్వకముందే కొన్ని దిక్కుల్లో కదిలే ఎలక్ట్రాన్లకి శక్తి స్థాయిలు తగ్గిపోవడం. డోపింగ్ తగ్గేకొద్దీ సూడోగ్యాప్ ఉష్ణోగ్రత పెరుగుతూనే పోతుంది. ఛార్జ్ ఆర్డర్ మాత్రం 0.12 దగ్గర బలంగా ఉండి రెండు వైపులా తగ్గుతుంది. అదీగాక సూడోగ్యాప్ ముందు వస్తుంది, ఛార్జ్ ఆర్డర్ దాని లోపల పుడుతుంది.

## చదువు, ప్రాజెక్టు

మాస్టారూ, మా అబ్బాయి ఇది చదివితే ఉద్యోగం వస్తుందంటారా?

ఇది ఒక నాన్నగారు మా గుమ్మంలో నిలబడి అడిగారు. అండీ, ఈ ఒక్క విషయం చదివినందుకు ఉద్యోగం రాదు. కానీ ఈ దారిలో నెట్, గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్సీ, ముంబై టీఐఎఫ్ఆర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల పీహెచ్‌డీ చేస్తే ఫెలోషిప్ ఇస్తారు, మీరు ఫీజుల కోసం పొలం అమ్మక్కర్లేదు. అయిదారేళ్లు ఓపిక పట్టాలి, అది ముందే ఒప్పుకుని పంపించండి.

మన కాలేజీలో సింక్రోట్రాన్ లేదు, ప్రాజెక్టు ఏం చేస్తాం?

ల్యాప్‌టాప్ చాలు. రాగి గళ్ల మీద టైట్ బైండింగ్ బ్యాండ్ రాసుకుని, పక్క గంతు 1, మూల గంతు మైనస్ 0.3 పెట్టి, 200 బై 200 చుక్కల మీద లిండ్‌హార్డ్ ససెప్టిబిలిటీ (ఏ తరంగానికి ఎలక్ట్రాన్లు ఎంత స్పందిస్తాయో చెప్పేది) లెక్క వేయండి. డోపింగ్ మారుస్తూ శిఖరం ఎటు జరుగుతోందో గీయండి, కొలిచిన తరంగంతో పోల్చండి. ఎక్కడ కుదరదో అక్కడే మీ ప్రాజెక్టు రిపోర్టులో అసలు అధ్యాయం ఉంటుంది. రాజోలు అమ్మాయి ఇది మూడు వారాల్లో చేసింది.

వైబీసీఓ బిళ్ల చేశాం, నైట్రోజన్ పోసినా అయస్కాంతం తేలలేదు. ఎందుకు?

మాకూ ఇదే అయింది. ఇట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్‌లని లోహాలు 1, 2, 3 పాళ్లలో వచ్చేలా తూచి నూరి (బేరియం కార్బొనేట్ విషం, మాస్కూ గ్లౌజులూ లేకుండా ముట్టుకోవద్దు), 930 డిగ్రీల దగ్గర కాల్చాం. సాయంత్రం ఆఖరి బస్సు పోతుందన్న టెన్షన్‌లో వేడి మీదే బయటికి తీసేశాం. బిళ్ల నల్లగా అందంగా వచ్చింది, పశువుల డాక్టరు గారు ఇచ్చిన నైట్రోజన్ రెండు లీటర్లు పోశాం, బుసబుసమని పొంగింది, అయస్కాంతం మాత్రం బిళ్ల మీద బరువుగా అలాగే కూర్చుంది.

వైబీసీఓ 900 డిగ్రీల పైన ఆక్సిజన్ వదిలేస్తుంది, నెమ్మదిగా చల్లారుస్తూ 400, 500 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచితేనే తిరిగి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తగ్గితే పొరలో హోల్స్ తగ్గుతాయి. కొంచెం తగ్గితే ఉష్ణోగ్రత 93 నుంచి 60 కెల్విన్ దగ్గరికి దిగి అక్కడ మెట్టులా ఆగుతుంది, ఛార్జ్ ఆర్డర్ బలంగా ఉండే చోటు అదే. మీ నైట్రోజనేమో 77 దగ్గరే ఆగిపోయింది. ఇంకా తగ్గితే అసలు సూపర్ కండక్టరే కాదు.

బిళ్లని పారేయకండి. మళ్లీ కొలిమిలో పెట్టి 450 దగ్గర ఆక్సిజన్ వదులుతూ ఒక రాత్రంతా ఉంచి, కొలిమిలోనే చల్లారనివ్వండి. మా రెండో ప్రయత్నంలో అయస్కాంతం అర సెంటీమీటరు పైకి లేచి తిరుగుతూ నిలబడింది. తర్వాత సిలికా జెల్ వేసిన గాజు సీసాలో పెట్టి మూత బిగించండి. తేమ తగిలితే బేరియం నీటితో కలిసి బిళ్ల పైన తెల్లటి పొడి కడుతుంది, మన ఊరి వానాకాలపు గాలిలో బల్ల మీద వదిలేస్తే మరుసటి ఏడాది బ్యాచ్‌కి చూపించడానికి ఏమీ మిగలదు.